ఒప్పుకున్నది ఎవరు? ఆన్‌లైన్ నమోదు ఫారాలూ, హక్కులు వదులుకునే సంతకాలూ

(జిల్లాల నుంచి వచ్చిన మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎలక్ట్రానిక్ సంతకాల గురించి మాట్లాడతానని కార్యక్రమ పత్రంలో చూసి, ఇది లాయర్లకో కంప్యూటరు వాళ్ళకో వదిలెయ్యాల్సిన విషయం కదా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. కాదు, ఇది మన విషయమే అని చెప్పడానికే వచ్చాను.

ఇప్పుడు మన సభలకీ, శిక్షణా తరగతులకీ, మార్చి 8 నడకలకీ, ఆరోగ్య శిబిరాలకీ పేర్ల నమోదు ఎక్కువగా ఫోనులోనే జరుగుతోంది. కాగితం మీద రాసుకునే రోజుల్లో పేరు, ఊరు, వయసు అడిగేవాళ్ళం. అంతటితో సరిపోయేది. ఇప్పుడు ఫారం చివర చిన్న అక్షరాల్లో ఒక పేరా, దాని పక్కన ఒక గడి ఉంటున్నాయి. గడిలో టిక్కు పెడితేగాని ఫారం ముందుకు కదలదు. కొన్ని ఫారాల్లో పేరు మళ్ళీ టైపు చెయ్యమంటారు. కొన్నిట్లో వేలితో తెరమీద సంతకం గియ్యమంటారు. మరికొన్నిట్లో ఓటీపీ అడుగుతారు. ఆ పేరాలో ఏముందో చదివినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారు?

స్త్రీల కోసం పెట్టిన ఒక నడక కార్యక్రమం ఫారం ఈమధ్య నా దగ్గరికి వచ్చింది. అందులో ఉన్న విషయాన్ని తెలుగులో చెబుతాను. నడకలో నాకు ఏ ప్రమాదం జరిగినా, అది నిర్వాహకుల నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే, నేను నష్టపరిహారం అడగను. ఏ కోర్టుకూ వెళ్ళను. నా ఆరోగ్యం బాగుందని హామీ ఇస్తున్నాను. నా ఫోటోలు, వీడియోలు ఎక్కడైనా, ఎప్పుడైనా, ఎందుకైనా వాడుకోవచ్చు. ఇవన్నీ చదివి, అర్థం చేసుకుని, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. ఇదంతా ఇంగ్లీషులో ఉంది. దీనికంతటికీ ఒకటే టిక్కు.

దీన్నే ఇంగ్లీషులో వేవర్ అంటారు. పేరు కొత్తదేమోగాని, పని మన ఆడవాళ్ళకి కొత్తది కాదు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ 1986లో చట్టం వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు అన్నారు. 2005లో దేశమంతటికీ అటువంటి సవరణే వచ్చింది. చట్టం హక్కు ఇచ్చిన చోటే హక్కు విడుదల దస్తావేజు ముందుకొచ్చింది. అన్నదమ్ములు కాగితం తెస్తారు, పసుపు కుంకుమల కింద ఏదో ఇస్తామంటారు, పుట్టింటి రాకపోకలు పోతాయేమోనన్న భయంతో ఆడపిల్ల సంతకం పెడుతుంది. “ఇష్టపూర్వకంగా” అనే మాట ఆ కాగితంలోనూ ఉంటుంది. ఇష్టం లేని చోట ఆ మాట ఎంత గట్టిగా రాస్తారో మనకి బాగా తెలుసు.

కనుక ఈరోజు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఫోనులో పెట్టిన ఈ సంతకం నిజంగా ఎవరిది? ఈ పేరాలో వదులుకున్నామంటున్న హక్కులు అసలు వదులుకోగలిగినవేనా?

సంతకం అంటే చట్టం దృష్టిలో ఏమిటి

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. మొదట్లో అందులో ఉన్నది డిజిటల్ సంతకం ఒక్కటే. అంటే ప్రభుత్వ అనుమతి ఉన్న సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌తో, ఒక చిన్న పరికరం కంప్యూటరుకి తగిలించి పెట్టే సంతకం. కంపెనీల వాళ్ళు, ఆడిటర్లు, టెండర్లు వేసేవాళ్ళు వాడేది అదే. 2008లో చట్టాన్ని సవరించి ఎలక్ట్రానిక్ సంతకం అనే విశాలమైన మాట చేర్చారు. అది 2009 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. ఆధార్‌తో ముడిపెట్టి, ఓటీపీ ద్వారా పెట్టే ఈ-సైన్ పద్ధతికి 2015లో గుర్తింపు వచ్చింది.

మరి గడిలో టిక్కు, టైపు చేసిన పేరు? చట్టం ప్రత్యేకంగా గుర్తించిన ఎలక్ట్రానిక్ సంతకాల జాబితాలో ఇవి లేవు. అంతమాత్రాన వాటికి విలువే లేదనుకోవద్దు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టిపారెయ్యకూడదని అదే చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. మామూలు ఒప్పందానికి సంతకమే ఉండాలని ఆ చట్టం అనదు. ఇద్దరూ ఒప్పుకున్నారా లేదా అన్నదే చూస్తుంది. టిక్కు ఆ ఒప్పుదలకి ఒక సాక్ష్యం. వివాదం వస్తే ఆ ఎలక్ట్రానిక్ రికార్డును తగిన ధ్రువపత్రంతో కోర్టు ముందు పెట్టాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ఈ విషయం చెబుతుంది. ఏ సమయానికి, ఏ నంబరు నుంచి టిక్కు పడిందో రికార్డు చూపిస్తుంది. టిక్కు పెట్టిన వేలు ఎవరిదో మాత్రం చూపించదు.

ఇక్కడే ఆ చట్టంలోని 3ఏ సెక్షన్ మనకి పనికొస్తుంది. ఎలక్ట్రానిక్ సంతకం నమ్మదగినది కావాలంటే కొన్ని షరతులు పెట్టారు. సంతకానికి వాడే సాధనం ఆ మనిషికే చెందినదై ఉండాలి. సంతకం చేసే సమయంలో అది ఆ మనిషి అదుపులోనే ఉండాలి, ఇంకెవరి అదుపులోనూ ఉండకూడదు. తర్వాత సంతకంలోగాని పత్రంలోగాని ఏదైనా మారిస్తే ఆ మార్పు బయటపడాలి. ఇవి సాంకేతిక షరతులే. కానీ రెండోదాన్ని ఒక స్త్రీ జీవితానికి పెట్టి చూడండి. ఆమె అదుపులోనే ఉండాలి, ఇంకెవరి అదుపులోనూ ఉండకూడదు!

ఫోను ఎవరి చేతిలో ఉంది

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు దేశం మొత్తం మీద మూడో వంతు. ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత పరిస్థితి కొంత మారి ఉండవచ్చు. అయినా ఊళ్ళో మీరు చూస్తున్నదేమిటి? సంఘం సభ్యురాలి పేరుకి ఎదురుగా రాసిన నంబరు భర్తదో, కొడుకుదో అయి ఉంటుంది. ఓటీపీ అతనికి వస్తుంది. అతను పొలంలో ఉంటే ఫోన్ చేసి అడుగుతారు. లేదా మన కార్యకర్తే తన ఫోనులో ముప్ఫైమంది పేర్లు వరసగా ఎక్కిస్తుంది. ముప్ఫై టిక్కులు తనే పెడుతుంది. సాయంత్రంలోగా జాబితా పంపాలి కాబట్టి ఆమెను తప్పుపట్టలేం. కానీ రికార్డులో ఏముంటుంది? ముప్ఫైమంది స్త్రీలు నిబంధనలు చదివి, అర్థం చేసుకుని, ఇష్టపూర్వకంగా తమ హక్కులు వదులుకున్నారని ఉంటుంది.

ఒకరి బదులు ఇంకొకరు ఒప్పుకోవడం ఎక్కడికి దారితీస్తుందో తెలుగునేలకి అనుభవమే. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ టీకా ప్రదర్శనా కార్యక్రమం మొదలైంది. సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు టీకాలు వేశారు. వాళ్ళలో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. మహిళా ఆరోగ్య బృందాలు ప్రశ్నలు లేవనెత్తాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక సమ్మతి పత్రాల గురించి వివరంగా రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలవి. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడ మనం చూడాల్సింది పత్రాలు. దొంతరలు దొంతరలుగా పత్రాలున్నాయి. ఒప్పుదల మాత్రం లేదు. అవి కాగితాలు కాబట్టి ఏది వేలిముద్రో, ఏది వార్డెన్ సంతకమో లెక్కపెట్టగలిగారు. అదే ఫోనులో టిక్కులయితే? 9,543 టిక్కులు ఒక్కలాగే ఉంటాయి. తల్లి పెట్టిందా, వార్డెన్ పెట్టిందా, ఆపరేటరు పెట్టాడా అని ఏ పార్లమెంటు సంఘం విడదీసి చూడగలదు? ఎలక్ట్రానిక్ సంతకంతో సౌకర్యం వస్తుంది, కాదనను. కాని ఒప్పుదల లేని చోట ఆ లేమి కనిపించకుండా పోతుంది.

వైద్యంలో సమ్మతి గురించి 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు మీలో చాలామందికి తెలుసు. ఆమె పరీక్ష కోసం ఆసుపత్రికి వెళ్ళింది. మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భాశయం, అండాశయాలు తీసేశారు. స్పృహలోకి వచ్చాక అడగగలిగిన పెద్దమనిషి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని కోర్టు చెప్పింది. ఒక పనికి ఇచ్చిన సమ్మతి ఇంకో పనికి సమ్మతి కాదని కూడా చెప్పింది. ఈ రెండు సూత్రాలూ మన ఫారానికీ కావాలి. భర్త ఒప్పుకుంటే భార్య ఒప్పుకున్నట్టు కాదు. నడకకి వస్తానన్నంత మాత్రాన ఫోటో వేసుకోమన్నట్టు కాదు.

వదులుకోలేని హక్కులు

ఇక రెండో ప్రశ్న. సంతకం ఆమెదే, చదివే పెట్టింది అనుకుందాం. అప్పుడైనా ఆ పేరా చెల్లుతుందా?

నడకలో కాలు జారి మడమ బెణికింది. ఎండకి కళ్ళు తిరిగాయి. ఇవి నడకలో ఉండే ప్రమాదాలు. వీటి గురించి ముందే చెప్పి, తెలిసే వస్తున్నానని ఆమెచేత అనిపించుకోవడంలో అన్యాయం లేదు. కానీ వేదికకు కట్టిన కరెంటు తీగ ఊడి ఉంది. వంద మందికి సరిపడే మంచినీళ్ళు పెట్టి వెయ్యిమందిని పిలిచారు. అంబులెన్సు ఉందని రాశారు, లేదు. ఇవి నడకలో ఉండే ప్రమాదాలు కావు, నిర్వాహకుల నిర్లక్ష్యం. చేసే ఫారాలన్నీ ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేస్తాయి. మొదటిదానికి మనం తలూపితే రెండోదానికి కూడా సంతకం పడిపోతుంది.

కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. 28వ సెక్షన్ ప్రకారం, మధ్యవర్తిత్వం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, మనిషిని పూర్తిగా కోర్టుకి వెళ్ళకుండా కట్టేసే షరతు చెల్లదు. “ఏ కోర్టుకూ వెళ్ళను” అన్న మాట అక్కడే నీరుగారిపోతుంది. బలవంతుడు రాసిన కాగితం మీద, మార్గం లేక బలహీనుడు పెట్టిన సంతకం విషయంలో, మరీ అన్యాయమైన షరతులను అమలు చెయ్యబోమని 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు అంది. అది ఉద్యోగ ఒప్పందం కేసు, నిజమే. కానీ అందులో కోర్టు చెప్పిన వర్ణన, గీత గీసిన చోట సంతకం పెట్టడం తప్ప వేరే దారి లేని మనిషి గురించిన వర్ణన, మన టిక్కు గడికి అచ్చంగా సరిపోతుంది.

2019లో వచ్చిన ఇంకో తీర్పు ఉంది. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో అతిథి తన కారు తాళాలు సిబ్బందికి ఇచ్చాడు. కారు పోయింది. “పార్కింగు యజమాని బాధ్యతపైనే” అని టోకెను మీద అచ్చువేశాం కదా అంది హోటలు. తన సొంత నిర్లక్ష్యానికి బాధ్యత నుంచి ఇలాంటి షరతుతో తప్పుకోవడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. కారు విషయంలోనే టోకెను మీది అక్షరాలు హోటలును కాపాడలేదు. మరి మనిషి ప్రాణం విషయంలో ఫారం కింది అక్షరాలు కాపాడాలని అడగడం ఏం న్యాయం?

రుసుము తీసుకుని పెట్టిన కార్యక్రమమయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఉంది. అందులో అన్యాయమైన ఒప్పందం అనే మాటకు నిర్వచనం ఇచ్చారు. దాని మీద రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళవచ్చు. ఉచితంగా పెట్టిన కార్యక్రమాలకి ఈ చట్టం వర్తించదు. కానీ నిర్లక్ష్యానికి జవాబుదారీతనం అక్కడ కూడా పోదు. ఇక లైంగిక వేధింపు సంగతి. “తోటివారి ప్రవర్తనకు మేము బాధ్యులం కాము” అని రాసినంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదు. ఉద్యోగం పని మీద వెళ్ళిన చోటు కూడా పనిస్థలమేనని 2013 చట్టం అంటోంది. మన సంస్థ పంపగా ఆ కార్యక్రమానికి వెళ్ళిన కార్యకర్తకి ఆ రక్షణ ఉంటుంది. ఏ టిక్కూ దాన్ని తీసెయ్యలేదు.

ఇలాంటి పేరాలు అమెరికా క్రీడా నిర్వాహకుల ఫారాల్లోనూ ఉంటాయి. అక్కడ కూడా ఇది ఏకగ్రీవం కాదు. కొన్ని రాష్ట్రాల కోర్టులు వీటిని ఆమోదిస్తాయి. వర్జీనియాలో గాయం కాకముందే రాయించుకున్న ఇలాంటి విడుదల చెల్లదు. ఇంగ్లండులో వ్యాపార నిర్వాహకుడు తన నిర్లక్ష్యం వల్ల కలిగే మరణానికీ, గాయానికీ బాధ్యత లేదని రాసుకోవడాన్ని 1977లోనే చట్టం చేసి ఆపేశారు. అక్కడివాళ్ళు వద్దనుకున్నదాన్ని మనం ఎందుకు తెచ్చుకోవాలి?

ఆడపిల్లల ఫారాల గురించి ఒక్కమాట. 18 ఏళ్ళు నిండని వాళ్ళు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. హైస్కూలు పిల్లచేత టిక్కు పెట్టిస్తే అది కాలక్షేపమే. తల్లిదండ్రుల అనుమతి తప్పకుండా తీసుకోండి. అది పిల్లని పంపడానికి ఒప్పుదల. పిల్లకి రేపు కలగబోయే హక్కుని ఈరోజే రాసివ్వడంగా దాన్ని మార్చకండి.

ఫోటోలూ, వివరాలూ

ఫోటో షరతుని తేలిగ్గా తీసుకోవద్దు. భర్త హింస తట్టుకోలేక ఊరు వదిలి వచ్చిన స్త్రీ మన శిక్షణకి వస్తుంది. ఆమె ముఖం బ్యానరు పక్కన కనిపిస్తే ఆమె ఉన్న ఊరు అతనికి తెలిసిపోతుంది. ఆమెకి అది ప్రాణం మీదికి వచ్చే విషయం. మనకి నివేదికలో ఒక బొమ్మ.

2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అమలు దశలవారీగా జరిగేలా ఏర్పాటు చేశారు. సమ్మతి స్వేచ్ఛగా ఉండాలి, ఫలానా పనికని స్పష్టంగా ఉండాలి, తెలిసి ఇచ్చినదై ఉండాలి, షరతులు లేనిదై ఉండాలి అంటుంది ఆ చట్టం. కోరితే మన భాషలో చదువుకునే వీలు ఉండాలంటుంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చంటుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. బీమా కొంటున్న ఒక స్త్రీచేత, బోర్డుకి ఫిర్యాదు చేసే హక్కు వదులుకుంటున్నానని కూడా ఒప్పించుకుంటే, ఆ భాగం చెల్లదు. ఆ ఉదాహరణలో ఉన్నది స్త్రీ కావడం యాదృచ్ఛికమో ఏమోగాని, మనకి మాత్రం బాగా పనికొస్తుంది.

మన ఫారం ఎలా ఉండాలి

ఇంతవరకూ ఇతరుల ఫారాల గురించి మాట్లాడినట్టు ఉంది. కానీ ఇక్కడున్న వాళ్ళలో చాలామంది నిర్వాహకులే. మీ ఇబ్బందులు నాకు తెలుసు. హాలు యజమాని పత్రం అడుగుతాడు. నిధులిచ్చేవాళ్ళు అడుగుతారు. రేపేదైనా జరిగితే చిన్న సంస్థ మూతబడుతుందన్న భయం ఉంటుంది. ఆ భయం అబద్ధం కాదు. అయితే దానికి మందు ఆ పేరా కాదు. చెల్లని కాగితం మనకి రక్షణ ఇవ్వదు. పైగా అది చెల్లుతుందనుకుని గాయపడ్డ స్త్రీ నోరు మూసుకుంటుంది. ఈ పేరాలు నిజానికి పనిచేసేది కోర్టులో కాదు, ఆమె మనసులో. “సంతకం పెట్టేశాను కదా, ఇంకేం అడుగుతాను” అనుకుంటుంది. ఆస్తి విడుదల పత్రం మీద సంతకం పెట్టిన చెల్లెలు కూడా సరిగ్గా ఇలాగే అనుకుంటుంది. స్త్రీల హక్కుల కోసం పనిచేసే సంస్థ ఇలాంటి మౌనం మీద ఆధారపడి బతకడం సరికాదు.

కనుక కొన్ని సూచనలు చేస్తున్నాను. చర్చించండి, మార్చుకోండి.

మొదటిది, “నిర్లక్ష్యం” అన్న మాటనీ, “కోర్టుకి వెళ్ళను” అన్న మాటనీ ఫారంలోంచి తీసెయ్యండి. వాటి బదులు ఏయే ప్రమాదాలు ఉండవచ్చో, మనం ఏమేం ఏర్పాట్లు చేశామో రాయండి. ఎన్ని కిలోమీటర్లు, ఎండ ఎంత, నీళ్ళు ఎక్కడ, డాక్టరు ఎక్కడ, గర్భిణులూ, గుండెజబ్బు ఉన్నవాళ్ళూ ఎవరిని అడగాలి అన్నవి తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

రెండోది, ఒక్కో విషయానికి ఒక్కో గడి పెట్టండి. రావడానికి ఒకటి, ఫోటోకి ఒకటి, ఫోను నంబరు ఇతరులకి ఇవ్వడానికి ఒకటి. ఫోటో వద్దన్నా ఫారం ముందుకి కదలాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి ఎక్కడా ఉండకూడదు.

మూడోది, ఫారం ఎవరు నింపారో ఫారంలోనే రాయండి. “నేనే నింపాను”, “ఫలానా కార్యకర్త చదివి వినిపించి నింపింది” అని రెండు గడులు చాలు. నిజం రాయడంలో నామోషీ లేదు. సొంత ఫోను లేని వాళ్ళకి ఓటీపీ అడగకండి. కార్యక్రమం రోజున కాగితం మీద, చదివి వినిపించి, సంతకంగాని వేలిముద్రగాని తీసుకోండి. కాగితం పాతబడిపోలేదు.

నాలుగోది, ఆమె ఒప్పుకున్న పాఠం ప్రతి ఆమెకి అందాలి. తర్వాత మనం ఒక్క మాట మార్చినా మళ్ళీ అడగాలి.

అయిదోది, భయానికి సరైన మందు ఏర్పాట్లూ, బీమా. సమూహ ప్రమాద బీమా గురించి కార్యక్రమం ఖర్చుల్లో ముందే అంచనా వేసుకోండి. నిధులిచ్చేవాళ్ళు వేవర్ అడిగితే, దాని బదులు బీమాకి డబ్బు ఇమ్మని అడగండి.

చివరిగా ఒక విషయం. అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో సంతకం నేర్చుకోవడం మన స్త్రీలకి గౌరవం తెచ్చిపెట్టింది. వేలిముద్ర బదులు పేరు రాయగలిగిన రోజున ఎంత గర్వపడ్డారో మీలో పెద్దవాళ్ళు చూశారు. ఆ గర్వం పేరు రాయడంలోనే లేదు. ఏ కాగితం మీద రాయాలో, దేనిమీద రాయకూడదో తనే నిర్ణయించుకోగలనన్న దానిలో ఉంది. ఫోను వచ్చాక ఆ నిర్ణయం ఆమె చేతిలోంచి జారిపోకుండా చూడడం మన పని. మధ్యాహ్నం గుంపు చర్చల్లో మీ మీ సంస్థల ఫారాలు ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యం గట్టిగా చదవండి. మీ సంఘం సభ్యురాలి ఎదుట కూర్చుని చదవడానికి సిగ్గనిపించే వాక్యం ఏదైనా ఉంటే, దాన్ని కొట్టెయ్యండి.